ఖాళీ అర

మా వియ్యపురాలి ఇంట్లో పుస్తకాలకు ఉన్నపాటి బట్టలు మా ఇంట్లో మనుషులకు లేవు. ఒక్కో పుస్తకానికీ కొలత తీసి చేయించిన గట్టి అట్ట ఒర. పైన ఎర్ర కాలికో గుడ్డ, లోపల మెత్తటి ఫ్లానెల్, పక్కన బంగారు రంగు అక్షరాలు. పుస్తకాన్ని లోపలికి తోస్తే అందులో ఉన్న గాలి మెల్లగా బయటికొస్తూ నిట్టూర్పులాంటి చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినిపించడానికే ఆవిడ వచ్చినవాళ్ళందరి ముందూ పుస్తకాలు తీసి పెడుతుంటుంది. వినడానికే నేనూ తీయమంటాను, అది వేరే సంగతి.

నా పుస్తకాలకు వార్తాపత్రికల అట్టలు, పేజీల మధ్య ఎండు వేపాకు. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. పాత పుస్తకాల పిచ్చి ముందు పట్టింది నాకు. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికిచ్చాక, రాజమండ్రిలో మా బీరువాలు చూసి వెళ్ళి ధవళేశ్వరంలో ఆవిడ మొదలుపెట్టింది. ఈ ముక్క ఆవిడ ఒప్పుకోదు.

మా ఇద్దరి మధ్యా ఒక పుస్తకం ఉంది. గోదావరి ఒడ్డు ఊళ్ళ గురించి పాతకాలపు బడిపంతులెవరో రాసి, సొంత ఖర్చుతో రెండు భాగాలుగా అచ్చు వేయించుకున్నది. మొదటి భాగం కొండల్లోంచి మొదలై రాజమండ్రి దాకా వచ్చి ఆగిపోతుంది. రెండోది ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా. మొదటిది నాకు కోటగుమ్మం దగ్గర, రోడ్డు పక్కన పరిచిన గోనెపట్టా మీద, టెన్త్ క్లాసు గైడ్ల కింద దొరికింది. దాన్ని చూడగానే నా గుండె ఎంత కొట్టుకుందో అమ్మేవాడికి తెలియకూడదని, ముందు రెండు గైడ్లు బేరమాడాను. ఇంట్లో టెన్త్ చదివేవాళ్ళెవరూ లేరు. రెండో భాగం కోసం ఏళ్ళ తరబడి వెతికాను. అది అమలాపురంలో ఎవరి అటకో దులుపుతుంటే బయటపడిందట. పడి, తిన్నగా వెళ్ళి మా వియ్యపురాలి చేతిలో పడింది. నా గోదావరి ఆనకట్ట దగ్గరే ఆగిపోయింది. ఆవిడది సముద్రంలో కలిసింది.

మొదటి భాగం చూస్తానని ఆవిడ ఒకసారి మా ఇంటికొచ్చింది. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని నిలువునా అడ్డంగా చెయ్యి చాపి నిమిరింది. ప్రేమ అనుకున్నాను. జానలతో కొలుస్తోందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత వాళ్ళింటికి వెళితే టీపాయ్ మీద కొత్త ఒర, రెండు అరలది. కుడి అరలో ఆవిడ రెండో భాగం. ఎడమ అర ఖాళీ.

"అదేంటి వదినగారూ, ఖాళీగా ఉంచేశారు?" అన్నాను, తెలియనట్టు.

"మీ పుస్తకానికేనండీ. ఎప్పుడైనా రెండూ ఒకచోట చేరితే చోటుండాలి కదా."

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దవాళ్ళన్నారు. ఈవిడ ఇమిడే ఒర చేయించి కూర్చుంది. ఆ ఊహ నాకెందుకు రాలేదని ఆటోలో ఇల్లు చేరేదాకా ఏడ్చాను, లోపల్లోపలే.

శ్రావణమాసంలో మా అమ్మాయి మంగళగౌరి నోముకు నేను ధవళేశ్వరం వెళ్ళాలి. ముందురోజు ఆవిడ ఫోను. "వచ్చేటప్పుడు మొదటి భాగం కూడా తెండి వదినగారూ. రెండిటినీ ఒక్కసారి పక్కపక్కన చూసి కళ్ళకద్దుకుందాం." తీసుకెళ్ళాను. ఆవిడ మీద ప్రేమతో కాదు. నా పుస్తకం వీపు, అదే కుట్టు వైపు, ఆవిడ దానికన్నా తాజాగా ఉంటుంది, అది పక్కనుంటే తెలుస్తుందని.

వాయనాలయ్యాక ఆవిడ చెయ్యి చాపింది. "వద్దండీ, నేనే పెడతాను" అన్నాను. నా పుస్తకం మీద ఇంకోసారి ఆ జానలు పడనివ్వదలచుకోలేదు. బయట వాన. కాలవగట్టు మీది ఇల్లు, ఆషాఢం నుంచి గోడలు చెమ్మ. అర బిగుతుగా ఉంది. అరచేత్తో నెట్టాను. నిట్టూర్చింది, దిగింది. ఆ రెండు వీపులూ పక్కపక్కన నిలబడితే, నిజం చెప్పాలి, చాలా బావుంది. గది మొత్తం సర్దుకున్నట్టయింది.

బయల్దేరేటప్పుడు తీయబోతే రాలేదు. వేళ్ళు వీపు మీద జారిపోతున్నాయి. తలకిందులు చేసి దులిపాను. కదల్లేదు. అప్పుడు చూశాను. ఆవిడ అరలో పుస్తకాన్ని లాగడానికి వెనకనుంచి ఒక పట్టు రిబ్బను వేయించుకుంది. నా అరలో లేదు.

"దీనికి రిబ్బను ఏదండీ?"

"బైండింగాయన దగ్గర అయిపోయిందన్నాడండీ. సర్లే అన్నాను."

"మీ దాని వరకూ సరిపోయిందన్నమాట."

"అదృష్టమండీ" అంది, నవ్వుతూ.

మా అల్లుడు హెయిర్ డ్రయ్యర్ తెచ్చాడు. "వద్దు" అని మేమిద్దరం ఒకేసారి అరిచాం. మేం ఒకే మాట అనడం పెళ్ళిచూపుల తర్వాత అదే మొదటిసారి.

"పెట్టె కోసేద్దామా?" అన్నాను.

"కొయ్యండి. బ్లేడు మీ పుస్తకం అట్టమీద పడకుండా కోసుకోండి. నాదేముంది, అట్టపెట్టె" అంది. బ్లేడు కూడా తెచ్చిచ్చింది. నా చెయ్యి ఆడలేదు.

"చెమ్మకు ఉబ్బిందండీ, అంతే. ఎండలు రానివ్వండి, అదే వస్తుంది."

వట్టి సంచీతో ఇంటికొచ్చాను. మావారు పేపరు దించకుండానే తీర్పు చెప్పారు. "ఆడపిల్లనిచ్చిన ఇంటికి వెళ్ళింది తిరిగి అడుగుతామా? సారెలో పెట్టామనుకో."

"సారెలో కాజాలు పెట్టాం. తిన్నారు, అరిగించుకున్నారు. పుస్తకం పెట్టలేదు" అన్నాను.

కార్తీకంలో వెళ్ళాను, సంక్రాంతి వెళ్ళాక వెళ్ళాను. అమ్మాయిని చూడటానికని చెప్పేదాన్ని. అమ్మాయి పిచ్చిది కాదు. "పుస్తకం ముందు గదిలో ఉందమ్మా" అని తలుపు తీస్తూనే చెప్పేది. లాగితే కొంచెం కదిలేది, రాదు. ఆవిడ మాత్రం దిగులేమీ లేకుండా రిబ్బను లాగి రెండో భాగం నా చేతిలో పెట్టి, "చదువుకోండి వదినగారూ" అనేది. కూర్చుని లంకల మధ్య పడవ ప్రయాణాలు చదువుతూ, పనిలో పనిగా నేనూ చెయ్యి చాపి నిమిరాను. నిలువు జానెడు, మీద మూడు వేళ్ళు. మందం బొటనవేలి కణుపంత.

వచ్చినవాళ్ళతో ఆవిడ మొదట్లో "మా వదినగారిదీ నాదీ" అని చెప్పేది. మాఘం వచ్చేసరికి అది "మా సెట్టు" అయింది. ఫోనులో స్టేటస్ కూడా పెట్టింది. మా కాలేజీ లైబ్రేరియన్ అది నాకే చూపించి, "అదృష్టవంతురాలండీ, పూర్తి సెట్టు దొరకడం మాటలా" అంది. ఆ రోజు క్లాసులో పిల్లల్ని ఊరికే తిట్టాను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో, కాకులు కూడా కదలని మధ్యాహ్నం ధవళేశ్వరం వెళ్ళాను. ఒరను ఒళ్ళో పెట్టుకుని రెండు వేళ్ళతో లాగితే పుస్తకం వెన్నలోంచి వెంట్రుకలా వచ్చింది. ఆవిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఖాళీ అర వైపే చూస్తోంది. గ్లాసు నేనే అందుకుని తాగాను. ఆ మజ్జిగంత చల్లగా ఈమధ్య నా కడుపులోకి ఏదీ దిగలేదు.

"పోనీ ఇక్కడే ఉంచెయ్యరాదండీ. ఎక్కడున్నా మనదేగా" అంది.

"అదే నేనూ అంటున్నాను. మీది నాకిచ్చెయ్యండి, ఎక్కడున్నా మనదేగా" అన్నాను.

ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఇంటికి తెచ్చి దాని చోట్లో పెట్టాను. నిలబడలేదు, పక్కవాటి మీదకు వాలింది. ఆ పక్కవాటిని తీసి చూస్తే పోయిన వానలకు చిమ్మటలు అంచులు కొరికేసి ఉన్నాయి, వేపాకుతో సహా. ఆవిడ ఒరలోంచి వచ్చినదానికి మాత్రం ఒక్క చిల్లు లేదు. పైగా ఏడాది క్రితం లేని మంచి వాసన కూడా. కర్పూరం కట్టింది కాబోలు. నా పుస్తకాన్ని నాకన్నా బాగా చూసుకుంది. చిల్లులు పడితే బాగుండునని అనుకున్నాను, ఒక్క క్షణమే అయినా.

మర్నాడు దేవీచౌక్ దగ్గర బైండింగు షాపుకు వెళ్ళాను. ఆవిడకు చేసిపెట్టినాయనే.

"ఒక్కదానికాండీ, మేడమ్ గారూ?"

"రెండిటికి. రెండు అరలు. ఎర్ర కాలికో వద్దు, ఆకుపచ్చ వెయ్యండి."

"రెండో పుస్తకం తేలేదేంటండీ?"

"కొలత ఉంది" అని జానెడు, మూడు వేళ్ళు, బొటనవేలి కణుపు చూపించాను. టేపు పెట్టి రాసుకున్నాడు.

"కొంచెం వదులిమ్మంటారాండీ? వానల్లో ఉబ్బుతాయండి, ఆయ్."

"బిగుతుగానే ఉండనివ్వండి. శ్రావణానికి అందాలి. మా వియ్యపురాలిని భోజనానికి పిలవాలి."

ఆయన పెన్సిలు చెవిలో పెట్టుకుంటూ, "రిబ్బను రెండిటికీ వేసెయ్యనాండీ? ఈసారి బోలెడుందండి" అన్నాడు.

"మొదటిదానికి వెయ్యండి, చాలు" అన్నాను.