తుంటి నొప్పితో బాపట్ల దాకా

రేపల్లె నుంచి బాపట్లకు నేరుగా బస్సు ఉంది. చెరుకుపల్లి మీదుగా వెళ్తుంది, త్వరగానే చేరుస్తుంది. అయినా నేను తెనాలి మీదుగా చుట్టు తిరిగి రైల్లో వెళ్లాను. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఎవరైనా ఈ దారిన వెళ్లదలిస్తే నా సలహా కూడా అదే. బస్సులో కూర్చుంటే కూర్చున్నట్టే ఉండాలి. రైల్లో అయితే నొప్పి మొదలవగానే లేచి పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు నడవొచ్చు.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మోటారు బండి ఏనాడూ నేర్చుకోలేదు. బడికైనా, పొలానికైనా, చర్చికైనా సైకిలే. కొన్ని నెలలుగా కుడి తుంటిలో నొప్పి పుట్టి నడుం దాకా పాకుతోంది. మా ఊళ్లో చూపించుకుంటే డాక్టరుగారు ఎక్స్-రే చూసి కీలు అరిగిందన్నారు. సైకిల్ మానెయ్యమన్నారు, లేకపోతే ఆపరేషన్ దాకా వస్తుందన్నారు. ఆ మాట మింగుడుపడలేదు. బాపట్లలో ఫిజియోథెరపీ చేసే ఒకావిడ ఉందని విని, ఆమె కూడా అదే చెబితే సైకిల్ మానేస్తానని మా ఆవిడ సుగుణకు మాటిచ్చాను. ఆ మాట నెరవేర్చాల్సి వస్తుందేమోనన్న భయంతోనే ఉదయం బండి ఎక్కాను.

పెట్టెలో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏంటండీ, అంత సీటు పెట్టుకుని నిలబడ్డారు?"

"తుంటి నొప్పండి. కూర్చుంటే లేవడం కష్టం."

"మా బావక్కూడా అచ్చం ఇట్టాగే ఉండేదండి. తైలాలు రాశాడు, పట్టీలు వేయించాడు, బెల్టు కట్టాడు. ఎన్ని చేసినా ఆఖరికి..."

ఇంతలో భట్టిప్రోలు వచ్చింది. ఆయన సంచి అందుకుని గబగబా దిగిపోయాడు. ఆ బావకు ఆఖరికి ఏమైందో తెలియలేదు. తెనాలి చేరేదాకా నాకు అదే ఆలోచన. మంచానపడ్డాడా? ఆపరేషన్ చేశారా? అసలు ఉన్నాడా?

తెనాలిలో బండి మారాలి. మెట్ల వంతెన ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు వేసి, కుడి కాలు దానికి జత చేస్తూ వెళ్లాను. వెనక వచ్చేవాళ్లు తోసుకుంటారని భయపడ్డాను గాని ఎవరూ తొయ్యలేదు. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ నిలబడే తిన్నాను. చట్నీ బాగుంది. బాపట్ల బండి కాస్త ఆలస్యంగా వచ్చింది. పొన్నూరు దాటాక నొప్పి తొడలోకి దిగింది. పరీక్షకు వెళ్లే పిల్లవాడిలా, ఆవిడ ఏం అడుగుతుందో, నేనేం చెప్పాలో లోపల్లోపల అనుకుంటూ నిలబడ్డాను.

బాపట్ల స్టేషన్ నుంచి ఆటో మాట్లాడుకునేవాళ్లు నెమ్మదిగా పోనిమ్మని ముందే చెప్పాలి. నేను చెప్పలేదు. ప్రతి గుంతా నా తుంటికి తెలిసింది.

ఫిజియోథెరపిస్టు పేరు సుహాసిని, ముప్పై ఏళ్లుంటాయేమో. బల్ల మీద పడుకోబెట్టి కాలు మడిచింది, తిప్పింది, ఎక్స్-రే వెలుగుకు పెట్టి చూసింది. ఆమె ముఖంలో ఏదైనా కనబడుతుందేమోనని నేను ఆమెనే చూస్తున్నాను. ఏమీ కనబడకపోవడంతో భయం ఇంకా పెరిగింది.

"సైకిల్ తొక్కేటప్పుడు నొప్పా మాస్టారూ, తర్వాతా?"

"అంత తేడా తెలియదమ్మా. సాయంత్రానికి మాత్రం ఉంటుంది."

"అయితే బయటికి రండి. తొక్కి చూపించండి."

వాచ్‌మన్ తన సైకిల్ తెచ్చి ఇచ్చాడు. "బ్రేకులు అంతంత మాత్రమేనండి" అని హెచ్చరించాడు. ఆవరణలో ఒక చుట్టు తిరిగాను. నొప్పి లేదు. అప్పుడే గేటు దగ్గర కర్ర పట్టుకుని ఒక ముసలాయన వస్తూ నాకు నమస్కారం పెట్టారు. దిగి, నేనూ నమస్కరించాను. మళ్లీ ఎక్కి నాలుగడుగులు పోయేసరికి ఆయన వెనకే ఆయన భార్య. మళ్లీ దిగాను. ఈసారి కాలు వెనక్కి తిప్పేటప్పుడు తుంటిలో కలుక్కుమంది.

"వాళ్లు మీకు తెలుసాండీ?" అంది సుహాసిని.

"తెలియదమ్మా. నమస్కారం పెట్టారుగా."

"అందుకని దిగారా?"

"సైకిల్ మీద కూర్చునే నమస్కారం పెడితే ఏం బాగుంటుంది?"

ఆమె నవ్వేసింది. "మా తాతా అంతేనండి. చర్చి ముందు దిగేవాడు, పాస్టరుగారు కనబడితే దిగేవాడు. రోడ్డు మీద ఎక్కువసేపు నడిచేవాడే."

మా ఊళ్లో సంగతి చెప్పాను. నేను చదువు చెప్పినవాళ్లు నన్ను చూడగానే బళ్లు దిగుతారు. వాళ్లు దిగాక నేను దిగకపోతే మర్యాద కాదు. పొలం వెళ్లే దారిలో సగం మంది నా దగ్గర చదివినవాళ్లే. అంతా విని, క్యారియర్ మీద ఏం పెడతారని అడిగింది. వంకాయలు తెచ్చేందుకు ప్లాస్టిక్ ట్రే కట్టానని, అది సీటు కంటే ఎత్తుగా ఉంటుందని చేత్తో చూపించాను.

"అది కట్టాకేనా నొప్పి?"

వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాను. "అవునమ్మా" అన్నాను.

ఆమె నవ్వు ఆపింది. "కీలు అరగడం నిజమేనండి. మీ డాక్టరుగారు చెప్పింది తప్పు కాదు. కానీ తొక్కితే నొప్పి రావట్లేదు, కాలు అంత ఎత్తున తిప్పితే వస్తోంది. ట్రే తీసెయ్యండి, దిగడం మానండి. నేను చెప్పే వ్యాయామం చెయ్యండి. నెల చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే నేనూ సైకిల్ వద్దనే చెబుతాను."

"దిగకుండా ఎలాగమ్మా?"

"దిగాల్సిందే అంటారా? అయితే మధ్యలో కడ్డీ లేని సైకిల్ కొనుక్కోండి. కాలు ముందు నుంచే తీసెయ్యొచ్చు."

"ఆడపిల్లల సైకిలా?"

"కడ్డీ లేని సైకిలండి" అంది గంభీరంగా.

తిరుగు ప్రయాణంలో తెనాలి నుంచి రేపల్లె బండిలో ఖాళీ చేపల బుట్టలతో ఒకామె ఎక్కింది. సముద్రం వైపు అడవులదీవి ఊరి మనిషి. సుగుణ ఫోన్ చేస్తే జరిగిందంతా చెబుతున్నాను. అదంతా బుట్టలామె వినేసింది.

"ఆడోళ్ల సైకిలైతే ఏంటి బాబాయ్? చీర కట్టుకోమన్లేదుగా!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. ఫోన్‌లో సుగుణ మాత్రం నవ్వలేదు. "నెల తర్వాత తగ్గకపోతే?" అంది.

ఈ ప్రయాణంలో నాకు దొరికింది నెల గడువు. సుహాసిని దగ్గరకు వెళ్లేవాళ్లు ఎక్స్-రేతో పాటు, తాము రోజూ సైకిల్ ఎలా ఎక్కి ఎలా దిగుతారో కూడా గుర్తు చేసుకుని వెళ్లడం మంచిది. నాకైతే నొప్పి పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. మళ్లీ తలుపు దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. వేమూరు దగ్గరపడుతుండగా కాలువ గట్టు మీద రెండు సైకిళ్లు ఒకదానికొకటి ఎదురయ్యాయి. ఇద్దరూ దిగారు. ఇద్దరూ నా వయసువాళ్లే అనిపించింది. హ్యాండిళ్లు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. వాళ్లు మళ్లీ ఎలా ఎక్కుతారో చూడాలని తల బయటికి పెట్టాను. వాళ్ల మాటలు తెమలలేదు. బండి మలుపు తిరిగింది.