హొనోరా తాతమ్మ నూరేళ్ళు

ఐర్లండు క్లేర్ జిల్లాలో డింఫ్నా టూహీ నలభై ఏళ్ళు ఆడవాళ్ళ జుట్టు కత్తిరించింది. ఆ కుర్చీలో కూర్చుని అసలు వయసు చెప్పిన మనిషి లేదు, చెప్పినా నమ్మేది కాదు.

ఇప్పుడా తంటా ఇంట్లోకే వచ్చింది. తమ్ముడు ఫింటన్ తాతమ్మ సమాధికి కొత్త రాయి చేయిస్తున్నాడు. ‘హొనోరా టూహీ, మరణం 1939, వయసు నూరు’ అని చెక్కాలట. జపమాల వదలకపోబట్టే అంత ఆయుష్షని వాడు పబ్బులో చెప్పని సాయంత్రం లేదు. జపమాలే ఆయుష్షు పోస్తే ఆ ఊరి శ్మశానం సగం ఖాళీగా ఉండాలి. రాతి మీద అబద్ధం పడకూడదు, డింఫ్నా పట్టుదల అదొక్కటే. ఉలి పడ్డాక దిద్దుకోలేం కదా.

లైబ్రరీలో పాత జనాభా లెక్కలు తీసింది. 1901లో హొనోరాకు నలభై ఆరు. 1911లో అదే వీధి, అదే మొగుడు, అవే పిల్లలు, వయసు మాత్రం డెబ్బై రెండు!

“తగ్గించుకునేవాళ్ళనే చూశాను గానీ పెంచుకునేదాన్ని చూళ్ళేదు,” అంది పైకే. ఇద్దరు హొనోరాలున్నారేమో, ఇన్నేళ్ళూ పూలు పెట్టింది ఎవరికో అనుకుంది. వర్తకుల డైరెక్టరీలు తిరగేసింది. ఏ ఏడు చూసినా ఆ వీధిలో ఒక్కతే హొనోరా, రొట్టెల కొట్టు.

పక్క కుర్చీలో తన తాత లెక్కలు వెతుక్కుంటున్న కన్సెప్టా పకపకా నవ్వింది.

“పిచ్చిదానా, 1909లో పింఛను మొదలైంది. డెబ్బై నిండాలి. పుట్టిన కాగితం ఎవడి దగ్గరుంది? 1839లో వీచిన పెద్దగాలి నీకెరికేనా అనడిగేవాడు పింఛనిచ్చే దొర. అవునంటే చాలు. మా తాత పదేళ్ళలో ఇరవై రెండేళ్ళు ముసలాడయ్యాడు!”

పెద్దగాలికి ఇంటికప్పు లేచిపోతుంటే తల్లి ఒళ్ళోంచి చూశానని హొనోరా చెప్పేదట. తాను పుట్టడానికి పదహారేళ్ళ ముందు!

ఇంటికెళ్ళి లెక్క చెబితే ఫింటన్ ఒప్పుకోలేదు. “ఎనభై నాలుగా? అన్నేళ్ళు ఎవరైనా బతుకుతారే అక్కా! పైగా పింఛను దొంగంటారు.”

“అనేవాళ్ళని ముందు వాళ్ళ తాతల లెక్క చూసుకోమను. జపమాల కాదురా, బుర్ర! దొరనే బోల్తా కొట్టించింది.”

వాడు కాసేపు గొణిగి రాళ్ళాయనకు ఫోన్ చేశాడు. “ఎనభై నాలుగే. కింద రొట్టెల కొట్టు అని కూడా వెయ్యి.”

రాయి నిలబెట్టిన సాయంత్రం పబ్బులో వాడి గొంతు ఇంకా లేచింది. ఇప్పుడు జపమాల ఊసే లేదు, అంతా దొరకు టోపీ పెట్టిన కథే. పక్క బల్ల దగ్గర ఒకాయన “మా నాయనమ్మ నూట రెండు...” అని మొదలెట్టి, డింఫ్నా వైపు చూసి, బీరు తాగడంలో పడ్డాడు.