ఓడెక్కే ఖాకీ

బస్సులో ఆడవాళ్ళ సీటు ఆక్రమించిన బానపొట్ట పెద్దమనిషిని కండక్టరమ్మ రెండుసార్లు లేవమంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. "సరే, కూర్చో తల్లీ. ఎన్నో నెల?" అంది. బస్సంతా గొల్లున నవ్వింది. ఆయన తన స్టాపు రాకముందే దిగిపోయాడు. అలా ఖాళీ అయిన సీట్లో కూర్చున్న కుట్టుపని ఆవిడకు అప్పటినుంచి కండక్టరమ్మతో స్నేహం, వదినా అని పిలుచుకునేంత. రిటైరైపోయినా కండక్టరమ్మ ఒళ్ళు బస్సు దిగలేదు. వంటింట్లోనూ కాళ్ళు ఎడంగా పెట్టి, దేన్నీ పట్టుకోకుండా నిలబడుతుంది. మాట తెగాలంటే "రైట్" అంటుంది. ఆ తర్వాత బ్రహ్మదేవుడు చెప్పినా వినదు.

ఇప్పుడు కొడుకూ కోడలూ ఆమెను ఓడ ప్రయాణానికి తీసుకెళ్తున్నారు. అందులో రెండు రాత్రులు అందరూ దర్జాగా ముస్తాబై భోజనానికి రావాలట. కోడలు ఆమె కోసం తళుకుల గౌను తెచ్చింది. అత్తగారు పెట్టెలోంచి తన డ్యూటీ ఖాకీ కోటు తీసింది. "అత్తయ్యా, నలుగురిలో నా పరువు తియ్యకండి." "ఓడ నడిపేవాడు ఏం వేసుకొస్తాడే?" "యూనిఫాం. ఆయనది ఉద్యోగం." "మరి నేను చేసింది పేకాటా? ఆ తళుకులు నువ్వు కొన్నావు. ఈ ఖాకీ నేను ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించాను. రైట్."

కోటు చంకన పెట్టుకుని కుట్టుపని వదిన గుమ్మం ఎక్కింది. నడుం దగ్గర వదులు చెయ్యమంటుందనుకుని వదిన టేపు అందుకుంది. కండక్టరమ్మ జేబు పైన వేలు పెట్టి చూపింది. "ఇక్కడి బ్యాడ్జీ డిపోవాళ్ళు తీసేసుకున్నారు. ఆ చోట నా పేరు కుట్టు వదినా. ఓడలో భోజనాల దగ్గర అవతలి బల్ల దాకా కనపడాలి."