పెద్దక్క బుధవారాలు

మా పెద్దక్క పోయిందని మొన్న పొద్దున్నే రావల్కోల్ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే గుండె ఆగిందట. డెబ్బై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి హెచ్‌ఐవీతో బతికి, చివరికి వయసు మీదపడి పోయింది. ఏడుస్తూనే ఎందుకో గర్వపడ్డాను.

నేను గుంటూరు వైపు నుంచి వచ్చి కౌకూర్‌లో స్థిరపడిన రిటైర్డు టీచర్ని. అరవై దాటాక నాకీ జబ్బు బయటపడింది. కొడుకూ కోడలూ ఏమీ అనకపోయినా నా కంచం, గ్లాసు నేనే వేరు పెట్టుకున్నాను. మందుల కోసం మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళి వరండాలో తల దించుకు కూర్చుంటే, ఎవరో పక్కన కూలబడి సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టారు. ఆమే, మేమంతా పెద్దక్క అని పిలుచుకున్న మనిషి.

"తిను టీచరమ్మా. మస్తు కరకరలాడతాంది."

మాలాంటి పెద్దవాళ్ళకు తోడుగా ఉండటమే అక్కడ ఆమె పని. ఆస్పత్రివాళ్ళు మమ్మల్ని షుగరుకో రోజు, కళ్ళకో రోజు, ఎముకలకో రోజు రమ్మంటుంటే నేరుగా డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"సారూ, గిన్నిసార్లు బస్సెక్కితే మా మోకాళ్ళు అరిగిపోతయి. అన్నీ ఒక్కదినమే సూడరాదుండ్రి?"

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. అలా బుధవారం మాదైంది. పరీక్షలయ్యాక కబుర్లు, పాటలు, ఒకరి మాత్రల డబ్బా ఒకరు సర్దిపెట్టడం. ఇంటికి వెళ్ళబుద్ధయ్యేది కాదు.

ఒకసారి ఆమె మా ఇంటికొచ్చింది. ఉయ్యాల్లో మనవరాలు ఏడుస్తుంటే నేను కోడల్ని పిలిచాను.

"నువ్వెత్తుకోవా?"

"భయమక్కా."

"ముట్టుకుంటే రాదని సారు చెప్పలే? ఎత్తుకో జల్దీ, పోరి పరేషాన్ అయితాంది."

ఎత్తుకున్నాను. నా భుజం మీదే ఏడుపు ఆగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న కోడలు కళ్ళు తుడుచుకుంది. ఆ పూట నాకు వాళ్ళ కంచాల పక్కనే వడ్డించింది.

కిందటి చలికాలం పెద్దక్క మా అందరినీ శామీర్‌పేట చెరువు కట్టకు తీసుకెళ్ళింది. చెప్పులు విడిచి, చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుదామంది. మోకాళ్ళ నొప్పులతోనే తిరిగాం. దారినపోయే ఒకాయన బండి ఆపాడు.

"ఏంది అవ్వా, గిప్పుడు ఏం పండుగ?"

పెద్దక్క ఆగకుండానే జవాబిచ్చింది. "నా బిడ్డ పెండ్లి దాక గూడ బతకనన్నరు. ఇగ సూడు, ముసల్దాన్నయిన! గింతకన్న పండుగేంది?"

మేమంతా పగలబడి నవ్వాం. గాలికి ఆమె కొప్పు ఊడి తెల్లజుట్టు మొహమంతా పరుచుకుంది. ముడేసుకోలేదు. రెండు చేతులూ చప్పట్లకే కావాలి మరి.