పొద్దుతిరుగుడు పువ్వుల నైటీ

ఆ కాలంలో మందమర్రి బొగ్గుబాయి క్వార్టర్లలో మనుషులకే కాదు, బట్టలకు కూడా రిటైర్మెంట్ ఉండేది. కొత్తగా ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకు, కొంచెం మెరుపు తగ్గాక బజారుకు, రంగు వెలిశాక ఇంట్లోకి, అంచు చిరిగాక పొయ్యి దగ్గర మసిగుడ్డగా. ఇంట్లో వేసుకోవడానికని ప్రత్యేకంగా దుకాణానికి వెళ్ళి బట్టలు కొన్న మనిషిని నేను చూడలేదు. అందులోనూ ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు ఏది హాయిగా ఉంటుంది, ఏది అందంగా ఉంటుంది అని అడిగే ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. మా అవ్వ (మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం) ఎండాకాలం మంటల్లో కూడా లంగా బొందు నడుముకు బిగించి కట్టి, దాని మీద ఆరు గజాల చీర చుట్టుకుని, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేసేది. అది చూస్తూ రొట్టెలు తినడమే తప్ప ఆమెకు ఉక్కపోస్తుందేమోనని నాకు తోచలేదు. ఆమె ఒంటి మీద చీర చెట్టుకు బెరడు ఉన్నట్టు సహజంగానే ఉంటుందనుకునేవాణ్ణి.

నేను డిగ్రీ చదువుతుండగా అవ్వకు కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ రెండు మాటలు గట్టిగా చెప్పింది. కుట్లు పూర్తిగా మానేదాకా నడుము దగ్గర ఏదీ బిగించి కట్టకూడదు, ఒకే చోట పడుకోకుండా రోజూ నడవాలి. మొదటి మాటతో చీర పోయింది. చీర పోవడంతో రెండో మాట కూడా పోతుందని ఆ క్షణాన మాకు తెలియదు. అక్కను పిలుద్దామంటే ఆమె ఆదిలాబాద్‌లో అత్తగారింట్లో నిండు చూలాలు, బస్సెక్కే పరిస్థితి కాదు. ఇక ఇంట్లో మిగిలింది ఇద్దరు మగవాళ్ళం, బాపు (అంటే మా నాన్న), నేను. అవ్వకు వదులుగా ఉండే బట్టలు తేవాలి. బాపు బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. భూమి కింద దేనికీ జంకని మనిషి, ఆ రోజు మాత్రం నా వైపు చూపు తిప్పకుండా అన్నాడు: "నువ్వు కాలేజీల సదువుతున్నవ్ గదా, గా నైటీల సంగతి నీకే ఎర్కుంటది. పోయి తీస్కరా." ఏ కాలేజీలో ఏ పాఠంలో నైటీల గురించి చెబుతారో అడిగే ధైర్యం నాకు లేదు. వెళ్ళాను.

బజారులో ఒక సందు చివర లంగాలు, జాకెట్ బట్టలు అమ్మే చిన్న దుకాణం ఉండేది. దాన్ని నడిపే ఆమెను ఊరంతా మ్యాచింగక్క అనేది. నేను దుకాణం ముందు అటూ ఇటూ చాలాసేపు తిరిగి, లోపల జనం తగ్గారనుకున్నాక తల వంచుకుని మెట్టెక్కాను. "అక్కా, నైటీ కావాలె" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఆమె మూడోసారి అడిగాక గట్టిగా అరవాల్సి వచ్చింది, సరిగ్గా అప్పుడే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు.

"ఎవ్వరికి?"

"మా అవ్వకు. ఆపరేషన్ అయింది."

"లావుంటదా, సన్నగుంటదా?"

అవ్వ లావో సన్నమో నేను ఎన్నడూ ఆలోచించలేదు. పోల్చడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూసి, జాకెట్ బట్ట ఎంచుకుంటున్న ఒకామెను చూపించి, "గీ పెద్దమ్మంత లావుంటది" అన్నాను. పెద్దమ్మ చేతిలో బట్ట కింద పెట్టింది. "ఏందిరా, నేను లావున్ననా? నీ కండ్లు మంచిగనే ఉన్నయా?" దుకాణమంతా నవ్వు. మ్యాచింగక్క మాత్రం నవ్వకుండా (ఆమెకు బేరం ముఖ్యం), "పొడుగు?" అంది. "నా అంతుంటది" అన్నాను. అది నిజం, మా ఇంట్లో అవ్వా నేనూ ఒకే ఎత్తు. నేను అనాల్సింది కాదు. "అయితే ఫికర్ లేదు. నువ్వే తొడుక్కో, పొడుగు సూద్దాం" అంటూ ఆమె నేను కాదనేలోపే ఒక నైటీ నా తల మీదుగా వేసి కిందికి లాగింది. పసుపుపచ్చ గుడ్డ, దాని మీద తాంబాళమంత పొద్దుతిరుగుడు పువ్వులు. "చేతులు ఎత్తు. తిరుగు. ఇటు తిరుగు" అంటోంది మ్యాచింగక్క. నేను తిరిగాను. తిరిగిన వైపున, రోడ్డుకు అవతల చాయ్ హోటల్ ముందు, నా క్లాసు దోస్తులిద్దరు చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకడి చాయ్ ముక్కులోంచి వచ్చింది. మర్నాటి నుంచి కాలేజీలో నా అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది. నేను పొద్దుతిరుగుడునయ్యాను. మధ్యాహ్నం ఎండలో నడుస్తుంటే "అరే, సూర్యుడు అటున్నడు, నువ్వు ఇటు పోతున్నవేందిరా?" అనేవాళ్ళు.

ఇంత త్యాగం చేసి నేను రెండు నైటీలు ఇంటికి తెచ్చాను. ఒకటి పొద్దుతిరుగుడు పువ్వులది, రెండోది చాయ్ కప్పుల బొమ్మలున్నది. అవ్వ మంచం మీద వాటిని పరచుకుని చాలాసేపు చూసింది. "గీ పువ్వుల నడుమ నేను యాడుంట బిడ్డా? నన్నెట్ల ఎతుకుతరు?" అంది. కానీ వేరే దారి లేదు, తొడుక్కుంది. దాని మీద భుజాల నిండా తువ్వాల కప్పుకుంది. తువ్వాల మీద దుప్పటి. ఆ తర్వాత గది దాటి బయటికి రాలేదు.

నడవమంటే మంచానికీ గోడకూ మధ్య అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి "అయింది" అనేది. పక్క క్వార్టర్ అత్త చూడటానికి వస్తే మెడదాకా దుప్పటి లాక్కుని, చెమటతో తడిసిపోతూ, "సలిపెడుతున్నది వదినె" అనేది. ఎండలు మండిపోతున్న రోజుల్లో ఆ మాట విని అత్త ఏడవబోయింది, రోగం ముదిరిందనుకుని. బాపు బతిమాలితే, "గీ సంచి ఏసుకొని నేను బయటికి రాను. ఇన్నేండ్లు వాకిట్ల చీరతోని తిరిగిన. అందరు ఏమనుకుంటరు?" అనేది. మళ్ళీ చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఆమె పాదాలు నొక్కి చూసి మమ్మల్నిద్దర్నీ బయటికి పిలిచింది. "కాళ్ళు ఎట్లా వాచాయో చూశారా? ఇట్లాగే పడుకుంటే రక్తం గడ్డకడుతుంది. ఆపరేషన్ కంటే అది ప్రమాదం. ఎట్లా నడిపిస్తారో మీ ఇష్టం" అంది. ఇంటికొచ్చేదాకా బాపు అవ్వ పాదాల వైపే చూస్తూ వచ్చాడు. ఆయన భయపడటం నేను అప్పుడే చూశాను.

ఆ సాయంత్రం నేను వాకిట్లో సైకిల్ తుడుస్తున్నాను. తలుపు చప్పుడైతే వెనక్కి తిరిగి చూశాను. మా బాపు చాయ్ కప్పుల నైటీ తొడుక్కుని గడప దాటుతున్నాడు. గుబురు మీసం, బొగ్గు దుమ్ము ఎంత కడిగినా కాటుకలా నిలిచిపోయిన కళ్ళు, కండలు తిరిగిన చేతులు, వాటి చుట్టూ కుచ్చుల చేతుల నైటీ. వాకిట్లో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, పరేడ్ చేస్తున్నట్టు తాపీగా నడవడం మొదలుపెట్టాడు. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా లోపలికి చూసి అంటున్నాడు: "సూడే, ఏమైతున్నది? ఏం కాలే. గాలి మంచిగ తాకుతున్నది. ఇన్నేండ్లు గిది లేక ఎంత నష్టపోయిన!"

లోపల్నుంచి అవ్వ కేక వినిపించింది. "ఓ అయ్యా, నీకేమన్న సోకిందా? లోపలికి రా! ఇజ్జత్ తీస్తున్నవ్!"

"రాను. నువ్వు రాకుంటే నేను బాయికి సుత గిదే ఏసుకొని పోత."

ఇంతలో పక్క క్వార్టర్ అత్త బకెట్ పట్టుకుని బయటికి వచ్చి బాపును చూసి అక్కడే కొయ్యబారిపోయింది. బాపు ఏమీ జరగనట్టు, "బాగున్నవా చెల్లె?" అని పలకరించాడు. బకెట్ కింద పడింది. ఆ చప్పుడు విని అవ్వ ఇక ఆగలేకపోయింది. తువ్వాల మరిచిపోయింది, దుప్పటి మరిచిపోయింది. పొద్దుతిరుగుడు పువ్వుల నైటీలో, ఒక చేత్తో కడుపు పట్టుకుని, గది దాటి, గడప దాటి వాకిట్లోకి వచ్చేసింది. బాపును లోపలికి లాగుదామని వచ్చిన మనిషి, దగ్గరికి వచ్చి ఆయన్ను నిలువునా చూసి నవ్వడం మొదలుపెట్టింది. "నవ్వించకుండ్రి, కుట్లు ఊడుతయి, నవ్వించకుండ్రి" అంటూనే నవ్వింది. బాపు ఆమె చెయ్యి పట్టుకుని, "వచ్చినవ్ గదా, జర గేటు దాక పోదాం" అన్నాడు. పొద్దుతిరుగుడు పువ్వులూ చాయ్ కప్పులూ చేయి చేయి పట్టుకుని మా వాకిట్లో మెల్లగా నడిచాయి. నేను సైకిల్ వెనక కూర్చుని నవ్వాను. మధ్యలో కళ్ళు ఎందుకు తడిశాయో అప్పుడు అర్థం కాలేదు.

తర్వాత కాలనీ అంతా ఎన్ని మాటలన్నా బాపు పట్టించుకోలేదు. "బాయిల కెళ్ళి మసితోని పైకి వస్తే ఎవ్వడు ఎవ్వడో పెండ్లాం సుత గుర్తువట్టదు. గిది దానికన్న నయమే" అనేవాడు. అవ్వ రోజూ నడవడానికి ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. "నడుస్త. గా వాకిట్లకే కాదు, రోడ్డు మీదికి సుత పోత. కానీ గీ బట్టల్ల కాదు. నాకేం కావాల్నో నన్ను అడుగుండ్రి." అప్పటిదాకా ఎవరూ అడగలేదన్నది అప్పుడు తెలిసింది మాకు. మంచం మీద వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుని చెప్పుకుపోయింది. గుడ్డ నూలుది కావాలి, జారకూడదు. మెడ మూసి ఉండాలి, చేతులు మోచేతుల దాకా రావాలి. నడుము దగ్గర ఏమీ ఉండకూడదు, అట్లాగని గోనెసంచిలా వేలాడకూడదు. పువ్వులు అసలే వద్దు. కింద చీరకున్నట్టు అంచు ఉండాలి. "ఇంక ఒకటి, అంగికున్నట్టు జేబు కావాలె. బీరువ తాళం చెవి బొడ్డుల చెక్కుకునుడు ఇంక నాతోని కాదు."

ఆ మాటలన్నీ మోసుకుని నేను సిరిసిల్ల బస్సెక్కాను. అక్కడ పిన్నీ వాళ్ళింట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుస్తాయి. పిన్ని ఖాళీ దొరికినప్పుడు మిషన్ మీద లంగాలు కుట్టేది. నేను చెప్పింది విని, "అక్క గింత సోకులామె అని నాకు ఇన్నొద్దులు ఎర్కనే లేదు" అని మురిసిపోయింది. ముదురు నీలం నూలు గుడ్డ తీసి, దానికి మెరూన్ రంగు అంచు అతికి, రాత్రి తిండి వేళకు కుట్టడం ముగించింది. ఆ రోజు కూలి పని పక్కన పెట్టి కుట్టిందని నాకు తర్వాత ఆదిలాబాద్‌లోని మా అక్క చెబితే తెలిసింది. ఏమైనా ఇవ్వబోతే, "మా అక్కకు కుడితే లెక్కేంది?" అని నా వీపు మీద ఒకటి వేసింది.

ఆ నీలం గౌను తొడుక్కుని అవ్వ అద్దం ముందు నిలబడటం నాకింకా గుర్తుంది. ముందు జేబులో చెయ్యి పెట్టి చూసుకుంది. తర్వాత తలెత్తింది. బాపు "ఏ ఊరి దొరసానివే?" అన్నాడు. ఆ సాయంత్రం తువ్వాల లేకుండా కాలనీ రోడ్డు చివరి దాకా నడిచింది. జేబు ఉందన్న సంబరంలో తాళంచెవులు, కళ్ళజోడు, వక్కపొడి డబ్బా, చిన్న కత్తెర అన్నీ అందులోనే వేసుకోవడం వల్ల కొంచెం కుడివైపు వంగి నడిచింది గానీ, నడిచింది. గేట్ల దగ్గర ఆడవాళ్ళు ఆపి అంచు పట్టుకుని చూశారు. "గిదేం డ్రెస్ వదినె? మస్కట్ కెళ్ళి ఎవరన్న పంపిండ్రా?" అని అడిగింది పక్క క్వార్టర్ అత్త. అవ్వ ఎంతో గంభీరంగా, "సిరిసిల్లది. గిసొంటియి మస్కట్ల దొరకయి" అంది. అక్క కాన్పయ్యాక ఆదిలాబాద్ నుంచి ఫోన్ చేసి, పిల్లవాడి క్షేమం చెప్పి, వెంటనే, "అవ్వా, నాకు సుత ఒకటి పంపు. పాలిచ్చేటందుకు ముంగట జిప్పు వెట్టియ్యి. అంచు మాత్రం మర్వకు" అంది. ఆ ఏడాది మా కాలనీలో సగం మంది తల్లులు పిన్ని కుట్టిన అంచు గౌన్లలోనే చల్లగాలికి కూర్చున్నారు.

నాకు ఇప్పుడు నలభై దాటాయి. కరీంనగర్‌లో ఉద్యోగం, అవ్వా బాపూ మాతోనే ఉంటారు. ఆమె కాళ్ళు ఈ రోజుకీ ఆమె మాట వింటున్నాయంటే అది మా బాపు సిగ్గు లేనితనం పుణ్యం, పిన్ని మిషన్ పుణ్యం, నన్ను దుకాణం నడుమ గిర్రున తిప్పిన మ్యాచింగక్క పుణ్యం కూడా. వాళ్ళకు ఎన్నడూ థాంక్స్ చెప్పలేదు, చెబితే నవ్వుతారు. మొన్న ఆదివారం హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఒంటి మీద భుజం దగ్గర చిల్లులు పడ్డ బనీను, మోకాలి దగ్గర వెలిసిపోయిన లుంగీ. అవ్వ ఇస్త్రీ మడతలున్న ఆకుపచ్చ గౌనులో వచ్చి, ఎదురుగా నిలబడి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏందిరా గా బనీను? ఆఫీసుకు పోయేటప్పుడు మంచిగ తయారైతవ్. ఇంట్ల ఉన్నోళ్ళం మనుషులం కామా? మేం నిన్ను సూడమా?"

లోపలికి వెళ్ళి బీరువా తెరిచి మెత్తటి తెల్ల నూలు చొక్కా ఒకటి తీసి వేసుకున్నాను. అద్దంలో పొట్ట ముందుకొచ్చిన, చెంపలు నెరిసిన ఒక పెద్దమనిషి గుండీలు పెట్టుకుంటూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. మళ్ళీ హాల్లోకి వచ్చి అవ్వా బాపూ పక్కన కూర్చున్నాను. ఆ సాయంత్రం మా ఇంటికి చుట్టాలెవరూ రాలేదు. ఇంట్లో ఉన్నది మేమే.