లంకలో నేల తేలే వేళ

మూడేళ్ళ కిందట, జూన్ ఒకటో తేదీన, గౌతమి పాయ గట్టున ఉన్న ఒక గేజి కేంద్రంలో జూనియర్ టెక్నికల్ అసిస్టెంట్‌గా చేరాను. చదివింది సివిల్ డిప్లొమా. పోస్టు ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు ఏటా పొడిగించాలి. మొన్న మార్చిలో పొడిగింపు రాలేదు. అలా ముప్పై నిండకముందే మాజీ ఉద్యోగి అయిపోయాను. నది మట్టం కొలిచే పని ఎలా ఉంటుందని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. మొదటి ఏడాది జరిగిన ఒక సంగతి వాళ్ళ కోసం రాస్తున్నాను.

గేజి అంటే గట్టు మెట్ల వెంబడి ఒకదాని కింద ఒకటిగా బిగించిన, సెంటీమీటర్ల గీతలున్న పలకలు. మామూలు రోజుల్లో వాటిని చదవడం పెద్ద పని కాదు. వరద హెచ్చరిక వచ్చాక మాత్రం గంట గంటకూ చదవాలి. అల ఎక్కినప్పుడు ఒక అంకె, దిగినప్పుడు ఒక అంకె చూసి, సగటు తీసి, రిజిస్టరులో పెన్నుతో రాసి, కంట్రోల్ రూముకు పంపాలి. తప్పు పడితే దిద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి సంతకం పెట్టాలి. మా పై అధికారి అసిస్టెంట్ ఇంజినీరు. ఆయన మొదటి రోజే ఒక నియమం చెప్పారు. మేం ఉన్న మట్టం చెప్పాలి, రాబోయే మట్టం చెప్పకూడదు. అంచనాలు వేయడానికి వేరే విభాగం ఉంది.

కేంద్రంలో ఒక గది, ఒక మంచం, ఒక వైర్‌లెస్ సెట్టు. పన్నెండేసి గంటల చొప్పున ఇద్దరం పంచుకునేవాళ్ళం. రెండో మనిషి కనిపించేది డ్యూటీ మారే పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో కూడా మట్టం గురించే మాట్లాడుకునేవాళ్ళం.

మాది అదే పాయకు దిగువన, సముద్రానికి దగ్గరగా, చుట్టూ నీళ్ళున్న లంక ఊరు. క్రైస్తవ కుటుంబం. ఒక కుటుంబంలో పదేళ్ళకు సరిపడే సంగతులు మాకు ఆ ఒక్క ఏడాదిలోనే జరిగాయి. జూన్ మూడో వారంలో అక్క ఎస్తేరుకు ఆడపిల్ల పుట్టింది. ఫోటోలో చూశాను. జులైలో చర్చిలో పిల్లకు పేరు పెట్టే ప్రార్థన చేశారు. బావ ఫోను కిటికీలో నిలబెట్టి చూపించాడు. రెండో పాట మధ్యలో గేజి చదివే వేళయింది, కట్టేశాను. నవంబరులో తమ్ముడి పెళ్ళికి మాత్రం ఒక్కరోజు వెళ్ళగలిగాను. ఈ రెంటికీ మధ్య, ఆగస్టు వరదలో, అమ్మమ్మ సువార్తమ్మ పోయింది.

రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజే లంకవాళ్ళను పడవల్లో గట్టు మీది ఊరికి చేర్చి, అక్కడి చర్చి హాల్లో ఉంచారు. అమ్మమ్మ అక్కడే మూడో రోజు ఉదయం కాఫీ తాగి, పడుకుని, మళ్ళీ లేవలేదు. ఎనభై ఒకటి దాటిన మనిషి. తాతయ్య సమాధి లంకలో సమాధుల తోటలో ఉంది. దాని ఎడమ పక్క ఆరడుగుల నేల తనకోసం వదలమని ఆమె ముందే చెప్పి పెట్టుకుంది. పాస్టరు గారికీ చెప్పింది, మాకూ చెప్పింది. వేరే చోట పెడితే ఊరుకోనని నవ్వుతూ బెదిరించేది కూడా.

ఆ మధ్యాహ్నం రెండింటికి అమ్మ ఫోన్ చేసింది. కువైట్‌లో పనిచేసే శాంతి పిన్ని బయలుదేరింది, మర్నాడు ఉదయానికి దిగుతుంది. ఈలోపు గట్టు ఊరి సంఘ పెద్దలు తమ సమాధుల తోటలో చోటిస్తామన్నారు. వాళ్ళది మెరక. కానీ గొయ్యి తవ్వే మనుషులను సాయంత్రంలోపు మాట్లాడుకోవాలి. అమ్మకు కావలసింది ఒక్క జవాబు.

"రేపు మధ్యాహ్నానికి లంకలో నేల తేలుద్దా నాన్నా?"

చెప్పకూడదని నాకు తెలుసు. అయినా రిజిస్టరు పక్కన తెల్లకాగితం పెట్టి లెక్క వేశాను. ఉదయం నుంచి మా గేజి దగ్గర మట్టం గంటకు ఎంత తగ్గుతోందో ఉంది. ఒక చోట మారిన మట్టం దిగువకు చేరడానికి పట్టే సమయాన్ని మేం ట్రావెల్ టైమ్ అంటాం. ఆ పట్టిక గోడ మీదే ఉంది. సమాధుల తోట ఎంత ఎత్తులో ఉంటుందో చిన్నప్పటి నుంచి ఎరుగుదును. జవాబు మర్నాడు మధ్యాహ్నం మూడింటికని వచ్చింది. మళ్ళీ వేశాను, అదే వచ్చింది.

రేపు మూడింటికల్లా తేలుతుందని చెప్పాను. ఖాయమేనా అని అడిగింది. ఖాయమేనన్నాను. అమ్మ గట్టు ఊరి పెద్దలకు దండం పెట్టి, చోటు అక్కర్లేదని చెప్పేసింది.

తర్వాతి మాటలు అక్క చెప్తే తెలిశాయి. మావాళ్ళను పడవలో తెచ్చిన పోలయ్య మా పక్క వీధిలో ఉండే మత్స్యకారుడు, మా తాతయ్యకు తమ్ముడి వరస. ఆయన అమ్మను ఆగమన్నాడట.

"రేపు అమాస. పోటు పట్టేస్తదమ్మా, నీళ్ళు దిగవు."

"మావాడు లెక్క కట్టి చెప్పాడండి బాబాయి గారూ. గవర్నమెంటు గేజి చూసేది వాడేగా" అంది అమ్మ.

"లెక్క గోదారికి కట్టాడు. సముద్రానికెవరు కట్టారు?" అన్నాడట ఆయన.

అందరూ నవ్వారట, అమ్మ కూడా. ఇంట్లో చదువుకున్నవాడు ఒకడున్నప్పుడు పడవ మనిషి మాట ఎవరు వింటారు?

మర్నాడు పదింటికి పిన్ని వచ్చింది. రెండింటికి రెండు పడవలు పక్కపక్కన కట్టి, వాటి మీద అడ్డంగా అమ్మమ్మ ఉన్న పెట్టెను పెట్టుకుని బయలుదేరారు. ఒకదాన్ని నడిపింది పోలయ్యే. నేను డ్యూటీలో ఉన్నాను. నా బదులు రావలసిన మనిషి దారిలో రోడ్డు తెగి ఆగిపోయాడు. రెండింటి రీడింగు పంపాను. మూడింటిది పంపాను. మా దగ్గర మట్టం నా లెక్క ప్రకారమే తగ్గుతోంది.

మూడుంపావుకు అమ్మ ఫోన్ చేసింది. చుట్టూ నీళ్ళ చప్పుడు. పాస్టరు గారు ఏదో చదువుతున్నారు.

"సిలువలు చేతికందుతున్నాయి రా. నేల అందట్లేదు."

ఇంకెంత సేపు పడుతుందని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. అమ్మ పెట్టేశాక కూడా నాలుగు గంటల రీడింగు వేళ దాకా ఫోను పట్టుకునే ఉన్నాను.

అప్పుడు గోడ మీది పట్టిక దగ్గరికి వెళ్ళి, కిందనున్న చిన్న అక్షరాల గమనిక చదివాను. సముద్రపు పోటు ప్రభావం ఉన్న దిగువ ప్రాంతాలకు ఈ సమయాలు వర్తించవని రాసి ఉంది. మా గేజి దాకా పోటు రాదు. మా లంక దాటి చాలా పైకి వస్తుంది. లంకలో పుట్టి, పోటుకు పడవ లేపి, పాటుకు దింపుతూ పెరిగినవాణ్ణి. లెక్క వేసేటప్పుడు నేను లంకవాణ్ణి కాను, గేజి మనిషిని.

వెనక్కి తెచ్చి, మళ్ళీ అడిగి, గట్టు ఊరి తోటలో గోడ వారన ఒక మూల అమ్మమ్మను పెట్టారు. పెద్దలు మాట అనకుండా చోటిచ్చారు. వాన మొదలవడంతో రెండు పాటలకు బదులు ఒకటే పాడారట. లంకలో నేల ఆ మర్నాడు ఉదయం తేలింది. ఆ గంట మా రిజిస్టరులో లేదు, అది మా పరిధి కాదు. పోలయ్య అక్కతో చెప్తే నాకు తెలిసింది.

అక్టోబరులో రెండు రోజులు సెలవు దొరికింది. అమ్మ నన్ను గట్టు ఊరి తోటకు తీసుకెళ్ళింది. నా తప్పేనని చెప్పాను. లెక్క ఎక్కడ తప్పిందో వివరించబోయాను.

"అదంతా నాకెందుకు నాన్నా. చెప్పింది నువ్వు, నమ్మింది నేను" అంది. ఆ మాటతో ఆ విషయం మా ఇంట్లో ముగిసింది.

తర్వాతి రెండు వరదల్లోనూ అమ్మ ఫోన్ చేసేది. అన్నం తిన్నావా, మట్టం ఎంతుంది, అంతే. ఎప్పుడు తగ్గుతుందని మళ్ళీ అడగలేదు. ఆ సంగతి పోలయ్యను అడిగేదని అక్క చెప్పింది. నేను అంకె చెప్పేవాణ్ణి, అమ్మ సరేననేది, ఫోను పెట్టేసేది.

గేజి మనిషి ఉన్న మట్టమే చెప్పాలన్న నియమం అతని అధికారం తగ్గించడానికి పెట్టింది కాదని ఆ ఏడాది తెలిసింది. కొలత దాన్ని తీసిన మెట్టు వరకే నిజం. ఆ మెట్టుకు నలభై కిలోమీటర్ల కింద నీళ్ళలో నిలబడ్డ మనిషి ఉంటే, అక్కడి సంగతి ఆయన్నే అడగాలి.