వేడి చల్లారకుండా రాజమండ్రి దాకా

పెంట నెత్తిన పెట్టుకుని రాజమండ్రి ఎందుకు వెళ్ళావని అడిగిన వాళ్ళందరికీ నా జవాబు ఒకటే. నా కుప్పను రిజిస్టరులో ఎర్రగీతతో కొట్టేశారు, అందుకు వెళ్ళాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రమ్య తన బ్లాగులో రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

రమ్య స్నేహితురాలు స్రవంతి రాజమండ్రిలో ఓ కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. రెండేళ్ళ కిందట నిడదవోలు దగ్గరున్న మా ఊరు వచ్చి, దొడ్లో పొగలు కక్కుతున్న పెంటకుప్పను చూసి, నడిమధ్య నుంచి గుప్పెడు పట్టుకెళ్ళింది. చెయ్యి పెడితే కాలే ఆ వేడిలోనే హాయిగా బతికే బ్యాక్టీరియా అందులో ఉందట. అది గడ్డిలోని తీపి తిని హైడ్రోజన్ గ్యాస్ వదులుతుందట. ఆ గ్యాస్ పుట్టించే విద్య దాని జీన్‌లో ఉందని పిల్ల తేల్చింది. కొన్నాళ్ళకు సీసాలో పెంచుతున్న బ్యాక్టీరియా గ్యాస్ ఇవ్వడం మానేసింది, వెతికితే ఆ జీనే లేదట. స్రవంతి మళ్ళీ వచ్చి మా కుప్ప నుంచే తీసుకెళితే, అందులోనూ ఆ జీన్ కనిపించలేదు. మొదటిదంతా పొరపాటని ప్రొఫెసర్‌గారు కొట్టేశారు. శుక్రవారం సాయంత్రంలోగా రుజువు చూపించాలి, లేకపోతే రెండేళ్ళ పని వదిలేసి వేరే అంశం తీసుకోవాలి అన్నారట.

ఫోన్లో ఏడుస్తున్న పిల్లను అడిగాను, "రెండోసారి ఎక్కడ తీశావే?"

"అంచునండి మామ్మగారూ. మీరు తణుకు వెళ్ళారన్నారు. మీరు లేకుండా తవ్వితే ఏమంటారోనని..."

"అంచున ఏముంటుందే, చల్లగాలి తప్ప!"

"అయితే రేపొచ్చి లోపల తీసుకుంటానండి."

"నువ్వు తెస్తే మళ్ళీ నిన్నే అనుమానిస్తారు. నేను తెస్తాను."

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికల్లా దొడ్లోకి వెళ్ళాను. మార్గశిర మాసం, మంచు దట్టంగా ఉంది. కుప్ప పొగ మంచులో కలిసిపోయి, అక్కడేదో పెద్ద జంతువు పడుకుని ఊపిరి తీస్తున్నట్టుంది. గునపంతో మోచెయ్యి లోతు దాటేదాకా తవ్వి, కాలుతున్న పెంటను కొత్త కుండలోకి గాలి చొరకుండా కుక్కి, మూతి మీద తడిమట్టి మెత్తాను. ఆ కుండను పెద్ద తట్టలో పెట్టి, చుట్టూ అదే వేడి పెంట నింపి, పైన గడ్డి కప్పి గోనెసంచి బిగించాను. తట్ట ఎత్తుతూ కోడలు ముక్కు మూసుకుంది. మూసుకోనీ.

ఊరి అడ్డరోడ్డు నుంచి నిడదవోలు స్టేషనుకు షేర్ ఆటోలో ఎనిమిది రూపాయలు. తట్టకి మరో ఎనిమిది అడిగాడు డ్రైవరు.

"ఏంటి మామ్మగారూ, రాజమండ్రికి పెంట పట్టుకెళ్తున్నారా? అక్కడ దొరకదేంటండి?"

"ఇలాంటిది దొరకదురా అబ్బాయ్. నువ్వు బండి చూసి నడుపు."

"నా బండికి పట్టిన ఈ కంపు ఎన్నాళ్ళుంటుందండి?"

"నువ్వు కాల్చే బీడీల కంపు ఉన్నన్నాళ్ళు."

ఆటోలో వాళ్ళంతా నవ్వారు. తట్టకి డబ్బులు తీసుకోలేదు.

ఆరూ నలభై పాసింజరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. రాజమండ్రికి టిక్కెట్టు ఏడు రూపాయలు. చాగల్లు దాటాక, రైళ్ళలో పూతరేకులు అమ్ముకునే ఓ ఆత్రేయపురం ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. గోనెసంచిలోంచి ఆవిరి వస్తుంటే చూసి, "వంటేంటండి, ఇంత పొద్దున్నే?" అంది. చెప్పాను. ఆవిడ ముక్కు మూసుకోలేదు. గోనె వదులు చేసి, గడ్డి తప్పించి, కుండకు అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంది. రోజూ కాలుతున్న కుండ మీద పిండి గుడ్డ పరిచి రేకు తీసే చెయ్యి అది.

"మా రేకుకి ఈ వేడి చాలదండి," అంది. "కానీ లోపల పోలేదు. ఇంకో రెండు గంటలు ఫరవాలేదు."

ఆ మాట విని గోనెసంచి మళ్ళీ బిగించాను.

కొవ్వూరు దాటి బండి వంతెన ఎక్కింది. కింద నీళ్ళు లేవు, పైన ఆకాశం లేదు, అంతా ఒకటే తెలుపు. ఇనుప కమ్మీలు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నాయి. తట్ట వేడి మోకాళ్ళకు తగులుతుంటే కునుకు పట్టింది. మా అత్తగారు కనిపించారు. నెత్తిన పొగలు కక్కే తట్టతో నీళ్ళ మీద నడుచుకుంటూ ముందు పోతున్నారు. "అత్తయ్యా, ఆగండి" అన్నాను. ఆగలేదు. "చల్లారిపోతుందే" అని మాత్రం వినిపించింది. కళ్ళు తెరిస్తే గోదావరి స్టేషను దాటుతున్నాం.

రాజమండ్రిలో దిగేసరికి ఎనిమిది దాటింది. కాలేజీకి రిక్షా ఇరవై రూపాయలు. గేటు దగ్గర స్రవంతి నిలబడి ఉంది, కళ్ళు ఉబ్బి. ప్రొఫెసర్‌గారు మర్యాదస్తులే. కుర్చీ వేయించారు.

"అమ్మగారూ, శ్రమపడి వచ్చారు. కానీ అప్పటి కుప్ప పొలానికి వెళ్ళిపోయిందట కదండి. ఇది వేరే కుప్ప. ఇందులో అదే జీవి ఉంటుందని నమ్మకం ఏంటండి?"

"మీ ఇంట్లో పాలు తోడేస్తారా బాబూ?"

"వేస్తారండి."

"నిన్నటి పెరుగు తినేశారు కదా. ఇవాళ్టి పెరుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నేనే చెప్పాను. కుప్పను పొలానికి తోలే రోజు నడిమధ్య నుంచి ఓ తట్ట తీసి కొత్త కుప్పకు అడుగున వేస్తాం. మా అత్తగారు వేసేవారు, ఆవిడ తర్వాత నేను. ఒక్క ఏడూ తప్పలేదు.

"ఈ సంగతి నోట్సులో లేదే?" అన్నారాయన స్రవంతి వైపు తిరిగి.

"నేను అడగలేదండి," అంది పిల్ల, తల వంచుకుని.

కుండ మట్టిమూత పగలగొట్టి థర్మామీటరు గుచ్చితే యాభై ఎనిమిది డిగ్రీలు. ప్రొఫెసర్‌గారు దాన్ని బయటికి తీసి, తుడిచి, మళ్ళీ గుచ్చారు. మళ్ళీ యాభై ఎనిమిదే. ఆ పెంటలో కొంత, గాలి లేని సీసాలోకి పోయి వేడిపెట్టెలో కూర్చుంది. అందులో గ్యాస్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుందట. మిగతా దానిలోంచి స్రవంతి డీఎన్‌ఏ తీసి, జీన్ ఉంటే దాన్ని లక్షల కాపీలు చేసే మెషీన్లో పెట్టింది. ఆ మెషీన్ వేడెక్కుతూ, చల్లబడుతూ ఉంటుంది. అందులో కాపీలు చేసే పదార్థం కూడా ఎక్కడో వేడినీటి ఊటలో బతికే బ్యాక్టీరియాదేనట.

"అయితే మావాణ్ణి గుర్తుపట్టడానికి మరో వేడివాణ్ణే పిలిచారన్నమాట," అన్నాను. ప్రొఫెసర్‌గారు ఆ రోజు మొదటిసారి నవ్వారు.

మధ్యాహ్నం క్యాంటీన్లో భోజనం పన్నెండు రూపాయలు. పెరుగు పులిసిపోయింది. వంటాయనను కేకేసి అడిగితే, "నిన్నటిదండి, మీకు అలవాటే అనుకున్నాను" అన్నాడు. "పులిసిన పెరుగుకి ఎవరూ అలవాటు పడరు నాయనా" అన్నాను. స్రవంతి ఆ పెరుగే చూపించి చెప్పింది. తిన్న తీపిని వదిలించుకోవడానికి మన బ్యాక్టీరియాకు రెండు దారులున్నాయట. ఒకటి గ్యాస్, ఒకటి పులుపు. సీసాలో బోలెడు తీపి పోసి పెంచుతుంటే, గ్యాస్ జీన్ పోగొట్టుకున్నది ఒకటి పుట్టి, పులుపు దారిన హాయిగా పెరిగి, సీసా అంతా అదే నిండిపోయి ఉంటుందట.

"కూర్చోబెట్టి మేపారు, పని మరిచిపోయింది," అన్నాను. పిల్ల నవ్వబోయి గడియారం వైపు చూసింది.

నాలుగింటికి జెల్ అనే మెత్తటి పలకలో నాలుగు గుంటల్లో నాలుగు చుక్కలు వెయ్యాలి. రెండేళ్ళనాటి డీఎన్‌ఏ, చెడిపోయిన సీసాది, అంచున తీసినది, నా కుండది. స్రవంతి సన్నటి గొట్టం పట్టుకుని వంగింది. "పసిపిల్లకి ఉగ్గు పోసినట్టు పొయ్యవే," అన్నాను. పోసింది.

ఐదున్నరకు చీకటిగదిలోకి తీసుకెళ్ళారు. నీలం వెలుగు మీద పలక పెట్టారు. జీన్ ఉన్న వరసలో గీత మెరుస్తుందట. మొదటి వరసలో నారింజరంగు గీత మెరిసింది, తెల్లారేముందు నీటి మీద దీపం నీడలాగా. రెండో వరస చీకటి. మూడోది చీకటి. నాలుగో వరసలో, మొదటి గీతకు సరిగ్గా ఎదురుగా, అంతకన్నా లావుగా, నా కుప్ప వెలుగుతోంది. స్రవంతి నా భుజం మీద తల ఆనించింది. పెంట కంపు కొడుతున్న భుజమే.

ప్రొఫెసర్‌గారు రిజిస్టరు తెప్పించి కొత్త పేజీలో రాశారు. "మొదటి ఫలితం నిజమేనండి. ఈ పిల్ల పని సాగుతుంది," అన్నారు. ఆ పేజీ నా ముందు పెట్టించుకున్నాను. అక్షరాలు నాకు తెలియవు. కొట్టివేత తెలుస్తుంది. వేలితో పై నుంచి కింద దాకా వెతికాను. ఎర్రగీత లేదు.

ఆరున్నర బండికి తిరిగి వస్తుంటే, వంతెన మీద మంచు లేదు, చీకటి పడి చుక్కలు కనిపిస్తున్నాయి. ఖాళీ తట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అడుగున ఇంకా గోరువెచ్చగా ఉంది. మా అత్తగారికి హైడ్రోజన్ తెలియదు, జీన్ తెలియదు. తట్టలో ఏం మోస్తున్నారో తెలియకుండానే ఆవిడ నాకిచ్చారు, నాకూ తెలియకుండానే నేను దాచాను. సోమవారం స్రవంతి ఫోన్ చేసి, మాట్లాడకుండా, సీసా దగ్గర ఫోను పెట్టింది. గ్యాస్ బుడగల చప్పుడు నాకు వినిపించలేదు. వినిపిస్తోందనే చెప్పాను.

మీరూ ఏదైనా కుప్ప నుంచి ల్యాబుకు పట్టుకెళ్ళాల్సి వస్తే, ఇంటివాళ్ళను అడిగి, నడిమధ్య నుంచి తీయండి. కుండ నిండా కుక్కి, మూతికి మట్టి మెత్తి, చుట్టూ అదే కుప్ప పెంట పోయండి. తవ్విన గుంటను మాత్రం వెంటనే పూడ్చండి, లోపల వాళ్ళకి గాలి పడదు.